ముందు గీకండి, తర్వాతే రంగు

పండగ వస్తోందంటే, లేదా ఇంట్లో పెళ్ళి కుదిరిందంటే మన ఇళ్ళల్లో ముందు వినిపించే మాట "ఒక కోటింగ్ వేయించేద్దాం". గోడలకి సున్నమో డిస్టెంపరో, తలుపులకీ గుమ్మాలకీ ఎనామిల్. పాత రంగు మీద కొత్త రంగు, మళ్ళీ ఇంకో పండక్కి దాని మీద ఇంకో రంగు. ఈ పద్ధతి మానుకోవాలని నా అభిప్రాయం. గోడల సంగతి ఎలా ఉన్నా, కనీసం చెక్క గుమ్మాల విషయంలో మానుకోవాలి. గుమ్మాన్ని ముందు సరిగ్గా సిద్ధం చేయాలి. ఆ పని చేసినవాళ్ళకి దానికి తగ్గ కూలి ఇవ్వాలి. "సీఎస్ఈ చదివేవాడివి, నీకెందుకురా గుమ్మాల గోల" అని మా రూమ్మేట్ ఆల్రెడీ అడిగేశాడు. ఎందుకో చెప్తా.

మాది కొయ్యూరు. 1924 మే 7న అల్లూరి సీతారామరాజుని కాల్చి చంపింది మా ఊళ్ళోనే అని చెప్తే గానీ కాలేజీలో ఎవరికీ మా ఊరు తెలీదు. 2022 ఏప్రిల్లో జిల్లాలు విడగొట్టాక మేం ఆయన పేరు పెట్టిన జిల్లాలోకి వచ్చాం, నర్సీపట్నం అనకాపల్లి జిల్లాలోకి వెళ్ళింది. జిల్లా మారినా రంగు డబ్బాకీ బ్రష్షుకీ మేం వెళ్ళేది ఇప్పటికీ నర్సీపట్నమే.

మా ఇల్లు తాతయ్య కట్టించింది. ద్వారబంధాలు నల్లమద్ది, తలుపులు టేకు. లోపల గదులకి మొత్తం ఐదు గుమ్మాలు. అన్నిటికీ ఆకుపచ్చ ఎనామిల్, గడపలకి పసుపుపచ్చ ఎనామిల్, దాని మీద ఎర్ర చుక్కలు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి అవే రంగులు. మొన్న శ్రావణంలో అక్క పెళ్ళి పెట్టుకున్నారు. గోడలకి పెయింటర్ని మాట్లాడారు. గుమ్మాలు మాత్రం నేనే వేస్తానన్నాను. సెలవులు, ఖాళీగా ఉన్నా, నాన్నకి కొంత డబ్బు మిగులుతుంది. పైగా యూట్యూబ్ ఉంది కదా.

నేను చిన్నప్పటి నుంచి ఇంగ్లీష్ మీడియం. ఏది నేర్చుకోవాలన్నా ఇంగ్లీష్‌లోనే వెతుకుతాను. వచ్చిన వీడియోలన్నీ అమెరికావాళ్ళవి. వాళ్ళ ఇళ్ళల్లో గుమ్మం చుట్టూ సన్నటి చెక్క పట్టీలు మేకులతో కొట్టి ఉంటాయి. గోడకీ పట్టీకీ మధ్య సందు ఉంటే ట్యూబులోంచి 'కాక్' అనే పేస్టు పిండుతారు. చిల్లులకి 'స్పాకిల్' పెడతారు. నేను నర్సీపట్నం వెళ్ళి షాపులో "అంకుల్, స్పాకిల్ ఉందా?" అని అడిగా. ఆయన నన్ను ఎగాదిగా చూసి "స్ప్రింకిలరా?" అన్నాడు. వెనక నిలబడ్డ పెయింటర్ ఒకాయన "లప్పం అడుగుతన్నాడండీ" అన్నాడు. షాపంతా నవ్వారు. చెక్క మీద గుంటలు పూడ్చడానికి పెట్టే ముద్దని లప్పం అంటారని నాకు పంతొమ్మిదేళ్ళకి తెలిసింది. మా ఇంట్లో ఐదుసార్లు పెట్టారట.

మన గుమ్మం వేరు. అది గోడలో పాతుకుని ఉంటుంది. దాని కాళ్ళు నేలలోకి దిగి ఉంటాయి. దానికి గడప ఉంటుంది, గడపకి శుక్రవారం పసుపు, కుంకుమ ఉంటాయి. ప్రతి పండక్కీ మామిడి తోరణం కోసం పై చెక్కకి ఓ మేకు దిగుతుంది. ఇవేవీ ఆ వీడియోల్లో లేవు.

మొదటి గుమ్మం నేను ఎలా చేశానో చెప్తాను, మీరు అలా చేయకండి. సాండ్ పేపర్ తీసుకుని పొడిపొడిగానే రుద్దడం మొదలుపెట్టా. గదంతా ఆకుపచ్చ, పసుపు దుమ్ము. అన్నయ్య కూతురు, పది నెలల పిల్ల, అప్పుడే పాకడం నేర్చుకుంది. నేను పై చెక్క దగ్గర కుర్చీ ఎక్కి ఉన్నా. వదిన వంటింట్లో ఉంది. దిగి చూసేసరికి పాప గడప పట్టుకుని నిలబడటానికి ట్రై చేస్తోంది. రెండు చేతులూ పసుపు. ఒక చెయ్యి నోట్లో. నేను నవ్వి ఫోటో తీశా. నిజంగా తీశా. "పెళ్ళికూతురి కంటే ముందు నీకు పసుపు రాసేశారే" అని ఫ్యామిలీ గ్రూపులో పెట్టా కూడా.

తర్వాత దుమ్ము పోవాలని బకెట్ నీళ్ళతో గుమ్మం కడిగేశా. మర్నాడే ప్రైమర్ లేకుండా ఎనామిల్ వేసేశా. ఆ సాయంత్రం మెరిసిపోయింది. నాన్న వచ్చి భుజం తట్టాడు. పది రోజులు కూడా కాలేదు, బొబ్బలు లేచాయి. గడియ దగ్గర, చేతులు తగిలే చోట, గోరు పెట్టి లాగితే రంగు పొరలా ఊడొచ్చేసింది.

గోడలు వేస్తున్న పెయింటర్ బాబాయ్ అది చూసి తిట్టలేదు, నవ్వలేదు. "రంగు ఎవడైనా ఏస్తాడు బాబూ. గీకేవోడు ఉండాల" అన్నాడు. మిగతా నాలుగు గుమ్మాలూ ఆయన పక్కన కూర్చుని నేర్చుకుంటూ చేశా. ఆయన చెప్పిన వరస ఇది. కారణాలు కొన్ని ఆయన చెప్పినవి, కొన్ని నేను తర్వాత చదువుకున్నవి.

ముందు మేకులు. మా ఐదు గుమ్మాల్లో కలిపి నలభై మూడు మేకులు దొరికాయి, అన్నీ తోరణాలవే. తుప్పు పట్టిన మేకు మీద రంగు వేస్తే ఆ తుప్పు మళ్ళీ పైకి మరకలా వచ్చేస్తుంది. అందుకే లాగేయాలి, లాగడానికి రాకపోతే లోపలికి కొట్టి పైన పూడ్చాలి.

తర్వాత జిడ్డు. చేతుల నూనె, దీపం మసి, వంటింటి పొగ రంగుని చెక్కకి అంటుకోనివ్వవు. నా గుమ్మానికి గడియ దగ్గర పొర ఊడటానికి కారణం అదే. బట్టల సోడా కలిపిన నీళ్ళలో గుడ్డ ముంచి పిండి తుడవాలి, ఆ తర్వాత మంచినీళ్ళ గుడ్డతో తుడవాలి. సోడా తగలగానే గడప మూలల్లో పేరుకున్న పసుపు ఎర్రగా మారిపోయింది. నేను కంగారు పడితే అమ్మ "కుంకం అలాగే కదరా చేస్తారు, పసుపులో సున్నం కలిపి" అంది. పసుపు ఒక పీహెచ్ ఇండికేటర్ అని టెన్త్‌లో చదివా. రెండూ ఒకటేనని అప్పటిదాకా తట్టలేదు.

తర్వాత ఆరబెట్టడం. తడి చెక్క మీద ఎనామిల్ వేస్తే లోపలి నీరు ఆవిరై బయటికి రావాలని చూస్తుంది. పైన ఎనామిల్ పొర దారి ఇవ్వదు. ఆ ఆవిరే పొరని పైకి నెట్టి బొబ్బ లేపుతుంది. మా వైపు తొలకరి పడ్డాక గాలిలోనే తేమ ఉంటుంది. అందుకే ఫ్యాన్ పెట్టి కనీసం రెండు రోజులు ఆగాలన్నాడు బాబాయ్. ద్వారబంధం కాళ్ళ దగ్గర ఇంకా జాగ్రత్త. చెక్క కోసిన చివర, అంటే నారల కొసలు తెరుచుకుని ఉండే చోటు, నీళ్ళని స్ట్రాలాగా పీలుస్తుంది. మనం ఇల్లు కడిగిన ప్రతిసారీ నీళ్ళు చేరేది అక్కడికే. గుమ్మాలు కింద నుంచి ఎందుకు పుచ్చిపోతాయో దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు.

తర్వాత గీకడం. పెచ్చులుగా లేచిన రంగుని బ్లేడుతో తీసేయాలి. గట్టిగా పట్టి ఉన్న రంగు జోలికి పోకూడదు. దాని నునుపు పోయేలా పైపైన రుద్దితే చాలు, కొత్త రంగు పట్టుకోవడానికి అంత గరుకు సరిపోతుంది. రుద్దేది చెక్క రేఖ వెంబడే, అడ్డంగా కాదు. ఏం రుద్దినా తడిపే రుద్దాలి. వాటర్ పేపర్ అని దొరుకుతుంది, తడిసినా చిరగదు. తడపడం అంటే నాలాగా బకెట్లు పోయడం కాదు. తడిగుడ్డతో అద్దుతూ, కొంచెం రుద్దుతూ, వచ్చిన బురదని తుడిచేస్తూ ఉండాలి.

తర్వాత బయటపడ్డ పచ్చి చెక్కకి వుడ్ ప్రైమర్, అది ఆరాక లప్పం. ఈ వరస తారుమారు చేయకూడదు. ప్రైమర్ లేని చెక్క లప్పంలోని నూనెని పీల్చేస్తుంది, మిగిలిన పొడి కొన్నాళ్ళకి రాలిపోతుంది. బాబాయ్ సుద్దపొడిలో ఎనామిల్ కలిపి ముద్ద చేసేవాడు. గోడలకి వాడే వైట్ సిమెంట్ పుట్టీ ఇక్కడ పనికిరాదు. చెక్క వానాకాలం ఉబ్బి ఎండాకాలం తగ్గుతుంది. సిమెంట్ పుట్టీకి ఆ సాగుడు లేదు కాబట్టి పగులుతుంది. లోతు బెజ్జాలు ఒకేసారి పూడ్చకూడదు, రెండు సార్లు పెట్టాలి. ఆరాక సన్న పేపర్‌తో రుద్ది, లప్పం పెట్టిన చోట మళ్ళీ ప్రైమర్. ఆ తర్వాతే ఎనామిల్, పల్చగా రెండు కోట్లు, మధ్యలో ఒక రోజు. పై చెక్క ముందు, నిలువు చెక్కలు తర్వాత.

నేను టైమ్ లెక్క రాసుకున్నా. రెండో గుమ్మానికి ఆరబెట్టే సమయం తీసేసి తొమ్మిది గంటలు పని పట్టింది. అందులో రంగు బ్రష్ పట్టుకున్నది రెండు గంటలు కూడా లేదు.

ఇప్పుడు అసలు విషయం. గీకిన పెచ్చు ఒకటి పక్కకి తిప్పి చూస్తే ఐదు పొరలు కనిపించాయి, గిట్ లాగ్ లాగా. పైన ఆకుపచ్చ, దాని కింద ఇంకో ఆకుపచ్చ, తర్వాత నీలం, గోధుమరంగు, అన్నిటికంటే కింద పసుపు లాంటిది. నీలం చూసి అమ్మ "అది నా పెళ్ళప్పుడు వేసింది" అంది. ముచ్చటగా ఉందని ఫోటో తీసి, పాత ఎనామిల్ రంగుల గురించి చదవడం మొదలుపెట్టా. చదివాక ఆ రాత్రి నిద్రపట్టలేదు.

పాత ఎనామిళ్ళలో సీసం ఉండేది. రంగు త్వరగా ఆరడానికి కొంత కలిపేవారు. రంగు పొడిలో ఇంకా ఎక్కువ. క్రోమ్ ఎల్లో అనే పసుపు రంగు అంటేనే లెడ్ క్రోమేట్, అంటే సీసమే. దాన్ని నీలంతో కలిపితే వచ్చేది క్రోమ్ గ్రీన్. అంటే మనం శుభమని గడపకి వేసుకునే పసుపు, తలుపుకి వేసుకునే ఆకుపచ్చ, రెండూ సీసం ఎక్కువగా ఉండే అవకాశమున్న రంగులే. అమెరికా 1978లోనే ఇళ్ళ రంగుల్లో సీసాన్ని నిషేధించింది. మన దేశంలో రూల్స్ వచ్చింది 2016లో, అమల్లోకి వచ్చింది 2017 నవంబర్ 1 నుంచి. వాటి ప్రకారం ఇళ్ళకి వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదు, అంటే పది లక్షల భాగాల్లో 90 భాగాలు. అది కొత్తగా తయారయ్యే రంగులకి. అంతకుముందు వేసినవి మన గుమ్మాల మీద అలాగే ఉన్నాయి.

పిల్లల ఒంట్లోకి ఇంత వరకు వెళ్తే పర్లేదు అనే హద్దు సీసానికి లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. అది దెబ్బ తీసేది ఎదిగే మెదడుని. జ్వరం రాదు, వాంతులు కావాలని లేదు. పిల్లలు మామూలుగానే ఆడుకుంటూ ఉంటారు. రక్త పరీక్ష చేస్తే గానీ తెలీదు. రంగు గోడకో గుమ్మానికో గట్టిగా అంటుకుని ఉన్నంతకాలం పెద్ద ప్రమాదం లేదు. దాన్ని పొడి చేసి గాల్లోకి లేపినప్పుడే ప్రమాదం. సరిగ్గా నేను చేసింది అదే.

ఫ్యామిలీ గ్రూపులో ఆ ఫోటో ఇంకా ఉంది. ఎనిమిది లైకులు.

పొద్దున్నే అన్నయ్యకీ వదినకీ చెప్పా. వదిన ఏమీ అనలేదు, పాపని ఎత్తుకుని లోపలికి వెళ్ళిపోయింది. అది తిట్టడం కంటే ఎక్కువ తగిలింది. డాక్టర్ గారి దగ్గరికి తీసుకెళ్తే, పరీక్ష ఉంది కానీ శాంపిల్ బయటికి పంపాలన్నారు. పంపాం. రిపోర్టు వచ్చేదాకా పట్టిన రోజులు నాకు ఏ సెమిస్టర్ రిజల్ట్‌కీ పట్టనంత పొడుగు. వచ్చాక ఆయన చూసి "కంగారు పడక్కర్లేదు, కానీ ఇంకెప్పుడూ పిల్లలున్న చోట ఆ పని చేయకండి" అన్నారు. మా గుమ్మాల రంగులో సీసం ఉందో లేదో కంటికి తెలిసేది కాదు, వాసనకి తెలిసేది కాదు. అందుకే పాత రంగు అంటే ఉందనే అనుకుని పని చేయాలని నేర్చుకున్నా.

నాన్న వాదన కూడా చెప్పాలి. "ఇదంతా తెలిసే కదరా మేం గీకకుండా పైన వేసేసేది" అన్నాడు. తెలిసి చేశాడని నేను నమ్మను కానీ, ఆ మాటలో సగం నిజం ఉంది. పాత రంగు గట్టిగా ఉంటే దాన్ని మొత్తం ఊడబెరకడం కంటే తడిపి పైపైన రుద్ది, కొత్త రంగుతో కప్పేయడమే మంచిది. మిగతా సగం తప్పు. పెచ్చు మీద వేసిన రంగు పెచ్చుతో పాటే ఊడుతుంది. ఊడి రాలేది గడప మీద, పిల్లలు పాకే నేల మీద. కప్పేయడానికైనా కింద గట్టిగా ఉండాలి, అంటే సిద్ధం చేసే పని తప్పదు.

ఇంకో మాట, పెయింటర్ల గురించి. పిల్లకి ఒక్కరోజు తగిలిన దుమ్ముకి మేం అంత భయపడ్డాం. బాబాయ్ ముప్పై ఏళ్ళుగా ఆ దుమ్ములోనే ఉన్నాడు, మూతికి తువ్వాలు కట్టుకుని. సన్న దుమ్ముని తువ్వాలు ఆపదు. కోవిడ్ అప్పుడు కొన్న ఎన్95 మాస్కులు మా బీరువాలో ఇంకా ఉంటే ఇచ్చా. "తడిపి గీకాలని తెలుసు కదా, మరి అన్నిచోట్లా అలాగే చేస్తావా బాబాయ్?" అని అడిగా. ఆయన చెప్పింది నాకు బాగా గుర్తుండిపోయింది. "గీకడానికి రెండ్రోజులు పడతాదంటే, రెండ్రోజులు ఏటి పని, ఊరికే కూకుంటావా అంటారు బాబూ. రంగేసిన రోజే పని సేసినట్టు లెక్క. పొడిగా గీకితే పూటలో అయిపోద్ది."

అంటే తప్పు పని చేయించేది మన బేరమే. గుమ్మానికి ఇంత అని మాట్లాడుకుంటాం, మెరుపు చూసి డబ్బిస్తాం. తొమ్మిది గంటల పనిలో రెండు గంటలే పనిలా కనిపిస్తే, మిగతా ఏడు గంటల్ని ఆయన ఎక్కడో కోసుకోవాల్సిందే. మనం సీఎస్ వాళ్ళం దీన్ని అర్థం చేసుకోగలం. డేటా క్లీన్ చేయకుండా మోడల్ ట్రెయిన్ చేసి, డెమో రోజు గ్రాఫ్ బాగుందని మార్కులు వేయించుకున్న ప్రాజెక్టులు మనకి తెలియనివా? తేడా ఏంటంటే, మన ప్రాజెక్టు పాడైతే ఎవరి ఊపిరితిత్తుల్లోకీ ఏమీ పోదు.

"మా ఇల్లు అపార్ట్‌మెంటు, చెక్క గుమ్మాలు ఎక్కడున్నాయి" అనేవాళ్ళు సెలవుల్లో అమ్మమ్మ ఇంటికి వెళ్ళి చూడండి. ఈ సంక్రాంతికి ఆ ఇంట్లో ఎవరో ఒకరు "కోటింగ్ వేయించేద్దాం" అంటారు. అప్పుడు మూడు పనులు చేయండి. ఒకటి, ఇంట్లో చిన్నపిల్లలు గానీ కడుపుతో ఉన్నవాళ్ళు గానీ ఉంటే గీకే రోజులు వాళ్ళని వేరే ఇంటికి పంపండి. రెండు, తడిపి గీకించండి, కింద పట్టా పరిచి ఆ బురదనీ పెచ్చుల్నీ మూటకట్టి పారేయండి, నేల తడిగుడ్డతో తుడవండి. పాత రంగుని మంట పెట్టి కాల్చి తీయనివ్వకండి, ఆ పొగ దుమ్ము కంటే ప్రమాదం. మూడు, బేరం మాట్లాడేటప్పుడే గీకడానికి వేరే కూలి ఇస్తామని చెప్పండి, మాస్కు మీరే కొనివ్వండి. కొత్త డబ్బా కొనేటప్పుడు సీసం 90 పీపీఎం లోపు అని దాని మీద రాసి ఉందో లేదో చూడటం ఎలాగూ చేస్తారు.

మా గడపల సంగతి చెప్పి ముగిస్తా. నాలుగు గుమ్మాలకి రంగు వేశాం. నేను పాడుచేసిన మొదటిదాన్ని మళ్ళీ మొదటి నుంచి చేశాం, ఈసారి పాపని వదిన వాళ్ళ పుట్టింటికి పంపాక. గడపలకి మాత్రం ఎనామిల్ వద్దన్నాను. ఊడే రంగుని తడిపి తీసేసి, నల్లమద్ది చెక్కనే ఉంచి, అవిసె నూనె పట్టించాం. అమ్మ మొదట ఒప్పుకోలేదు, "పెళ్ళింట్లో గడప నల్లగా ఏంటి" అంది. పెళ్ళి రోజు పొద్దున్న లేచేసరికి తనే కూర్చుని ఐదు గడపలకీ పసుపు రాస్తోంది, నిజం పసుపు. శుక్రవారానికి వెలిసిపోతుంది, మళ్ళీ రాయాలి. ఎనామిల్ అయితే ఆ పని ఉండదు కదా అని నాన్న ఇప్పటికీ అంటూనే ఉన్నాడు.

పాప ఇప్పుడు ఆ గడపలు పట్టుకుని నిలబడుతోంది. చేతికి పసుపు అంటినా ఎవరూ పరిగెత్తట్లేదు.